నిటారు కొలత, ఒరిగిన పయనం: పందెపు పడవల కీల్ రూపకల్పన చరిత్ర

ఉపోద్ఘాతం

తెరచాప పడవల పందేలను చిత్రించిన వర్ణచిత్రాలలోను, ఛాయాచిత్రాలలోను కనిపించేది తెరచాపే. గెలుపోటములను శాసించే మరో భాగం నీటి అడుగున ఉంటుంది. పడవ అడుగున మధ్యగీత వెంబడి నిలువుగా కిందికి దిగే ఈ భాగాన్ని కీల్ అంటారు. ఇది రెండు పనులు చేస్తుంది. గాలి తోపుకు పడవ పక్కకు కొట్టుకుపోకుండా ఆపుతుంది. తనలోని సీసపు బరువుతో, ఒరిగిన పడవను తిరిగి నిలబెట్టడానికి ప్రయత్నిస్తుంది. ఈ రెండు పనుల అసలు అవసరం పడవ ఒరిగినప్పుడే తెలుస్తుంది. అయితే పందెపు నిబంధనలు పడవను నిటారుగా ఉంచి కొలుస్తాయి. గాలికి ఎదురుగా సాగేటప్పుడు అదే పడవ ఇరవై, ముప్పై డిగ్రీల వరకు ఒరిగి పరుగెత్తుతుంది. కీల్ చరిత్రలోని ముఖ్యమైన మలుపులు, 1983 నాటి అమెరికాస్ కప్ వివాదంతో సహా, ఈ రెండు స్థితుల మధ్య ఉన్న అంతరం నుండే పుట్టాయి.

వెడల్పా, లోతా?

19వ శతాబ్ది రెండవ సగంలో అట్లాంటిక్‌కు ఇరువైపులా రెండు భిన్నమైన సంప్రదాయాలు నెలకొన్నాయి. న్యూయార్క్ పరిసరాలలోని లోతు తక్కువ జలాలకు తగినట్లు అమెరికన్లు వెడల్పైన, చదునైన పడవలను కట్టారు. కీల్‌కు బదులు అవసరాన్ని బట్టి దించి ఎత్తుకోగల పలకను అమర్చారు. వెడల్పు వల్ల ఇటువంటి పడవ తొలుత ఒరగడానికి మొరాయిస్తుంది. ఒక హద్దు దాటి ఒరిగిందంటే మాత్రం దానిని వెనక్కు లాగే బరువు అడుగున ఉండదు. 1876 జులైలో స్టాటెన్ ద్వీపం వద్ద జరిగిన ప్రమాదం దీనికి సాక్ష్యం. సుమారు 30 అడుగుల వెడల్పు ఉండి, పలక ఎత్తినప్పుడు నీటిలోకి 6 అడుగులు మాత్రమే దిగే ‘మోహాక్’ అనే భారీ స్కూనర్ తెరచాపలు ఎత్తి ఉండగా లంగరు వద్దనే హఠాత్తుగా వీచిన గాలికి బోల్తా పడింది. యజమాని విలియం గార్నర్, ఆయన భార్య, మరికొందరు మరణించారు. పందెంలో కాదు, నిలిచి ఉన్నచోట మునిగిన ఈ పడవ నాటి అమెరికన్ రూపకల్పనపై గట్టి అనుమానాలు రేపింది.

బ్రిటన్‌లో పరిస్థితి ఇందుకు విరుద్ధం. అక్కడి టన్నుల కొలత వెడల్పును కఠినంగా లెక్కించేది. లోతును విడిగా కొలవక, వెడల్పులో సగంగా ఊహించుకొనేది. ఫలితంగా లోతుకు లెక్క లేకుండా పోయింది. రూపకర్తలు పడవను నానాటికీ సన్నగా, లోతుగా మలిచి, అడుగున సీసం నింపారు. ఈ పడవలు చిరుగాలికే ఒరిగేవి, కాని సీసపు బరువు వల్ల బోల్తా పడేవి కావు. ఇక్కడ పడవ ఆకారాన్ని నిర్ణయించింది సముద్రం కన్నా కొలబద్ద అనడం అతిశయోక్తి కాదు. 1881లో ‘మ్యాడ్జ్’ అనే స్కాటిష్ కట్టర్ అమెరికాకు వెళ్లి చాలా పందేలు గెలిచింది. దాని ప్రభావంతో అమెరికన్ రూపకర్తలు మధ్యేమార్గం వెతికారు. 1885లో ఎడ్వర్డ్ బర్జెస్ రూపొందించిన ‘ప్యూరిటన్’, దించే పలకతోపాటు అడుగున సీసపు బరువునూ అమర్చుకొని బ్రిటిష్ పడవ ‘జెనెస్టా’ను ఓడించింది. 1891లో నథానియెల్ హెరెషాఫ్ ‘డైలెమా’ పడవకు సన్నని పలకను దించి, దాని కొసన సీసపు దుంగను బిగించాడు. నేటి పందెపు పడవల కీల్‌కు మూలరూపం ఇదే.

ఒరిగిన కీల్‌కు ఏమవుతుంది?

తెరచాపపై గాలి తోపు పడవను ముందుకే కాక పక్కకు కూడా నెడుతుంది. అందువల్ల పడవ ముక్కు చూపే దిశకూ, అది నిజంగా కదిలే దిశకూ నడుమ చిన్న కోణం ఏర్పడుతుంది. ఆ కోణంలో నీటిని తాకే కీల్, విమానపు రెక్క గాలిలో చేసే పనినే నీటిలో చేసి పక్కతోపును ఎదుర్కొంటుంది. పడవ ఒరిగినకొద్దీ ఈ పని కష్టమవుతుంది. నిటారుగా ఒక మీటరు దిగిన కీల్, 25 డిగ్రీలు ఒరిగితే నిలువు లోతులో 0.91 మీటరు, 30 డిగ్రీలు ఒరిగితే 0.87 మీటరు మాత్రమే అవుతుంది. కీల్ పుట్టించే బలంలో కొంత భాగం నిలువు దిశకు మళ్లి వృథా అవుతుంది. పైగా కీల్ కొస కింద, ఒత్తిడి ఎక్కువున్న పక్క నుండి తక్కువున్న పక్కకు నీరు జారి సుడులు తిరుగుతుంది. ఆ సుడులను మోసే శక్తి పడవ వేగంలో నుండే ఖర్చు కావాలి. లోతు పెంచితే ఈ నష్టం తగ్గుతుంది. కాని లోతుకు నిబంధనలు హద్దు గీశాయి.

1983: రెక్కల కీల్

అమెరికాస్ కప్ ఆనాడు ‘12 మీటర్’ తరగతి పడవలతో జరిగేది. ఆ పన్నెండు పడవ పొడవు కాదు. పొడవు, చుట్టుకొలతల తేడాకు రెట్టింపు, తెరచాప వైశాల్యపు వర్గమూలం కలిపి, నీటిపై అంచు ఎత్తును తీసివేసి, వచ్చిన దానిని 2.37తో భాగిస్తే 12 మీటర్లకు మించరాదన్నది సూత్రం. ఒకటి పెంచుకొంటే మరొకటి వదులుకోవాలి. ఈ తరగతిలో 1967 నాటి ‘ఇంట్రెపిడ్’ ఒక మలుపు. ఓలిన్ స్టీఫెన్స్ దానిలో చుక్కానిని కీల్ నుండి విడదీసి, కీల్ వెనుక అంచుకు కదిలే చిన్న పలకను అమర్చాడు.

బడి చదువు అంతగా లేని ఆస్ట్రేలియన్ రూపకర్త బెన్ లెక్సెన్, అలన్ బాండ్ బృందం తరఫున 1981లో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ నౌకా నమూనా కొలనులో పరీక్షలు జరిపాడు. మూడవ వంతు పరిమాణపు నమూనాలను అక్కడ నీటిలో లాగి చూశారు. కొలను సంస్థకు చెందిన పీటర్ వాన్ ఊసానెన్, డచ్ విమాన పరిశోధన సంస్థకు చెందిన యోప్ స్లోఫ్ గణనలలో పాల్గొన్నారు. వారి కృషి ఫలితమైన కీల్ తలకిందులుగా ఉంటుంది: పైన ఇరుకు, కింద వెడల్పు. దాని కొసన ఇరువైపులా కిందికి వాలిన సీసపు రెక్కలున్నాయి. బరువు కిందికి చేరడంతో పడవ ఒరుగు తగ్గింది. కొస వద్ద సుడులను రెక్కలు అదుపు చేశాయి. పడవ ఒరిగినప్పుడు గాలి పోయే వైపున్న రెక్క మరింత లోతుకు దిగి కీల్‌ను పొడిగించినట్లయింది. అంటే ఒరగడం వల్ల కోల్పోయే లోతులో కొంత ఒరగడం వల్లనే తిరిగి దక్కింది.

న్యూపోర్ట్‌లో ‘ఆస్ట్రేలియా-2’ అడుగుభాగాన్ని గుడ్డతెరల చాటున దాచారు. ప్రాథమిక పందేలలో దాని జోరు చూశాక, కప్పును 132 ఏళ్లుగా నిలుపుకొన్న న్యూయార్క్ యాట్ క్లబ్ అభ్యంతరం లేవనెత్తింది. ఒరిగినప్పుడు రెక్కల వల్ల లోతు పెరుగుతున్నది, ఆ లాభం కొలతలోకి రావడం లేదు అన్నది వాదనలోని కీలకాంశం. శాస్త్రపరంగా ఈ వాదనలో నిజముంది. న్యాయపరంగా నిలవలేదు, ఎందుకంటే సూత్రం ఏ పడవనూ ఒరిగించి కొలవలేదు. రెక్కలు అనుమతించదగినవేనని అంతర్జాతీయ సంఘపు సాంకేతిక సమితి 1982లోనే బ్రిటిష్ బృందానికి రహస్యంగా తెలిపి ఉండడంతో, 1983 ఆగస్టు చివర క్లబ్ అభ్యంతరాన్ని వదులుకొంది.

క్లబ్ మరో దారి కూడా ప్రయత్నించింది. రూపకర్త సవాలు చేసే దేశపు పౌరుడై ఉండాలన్నది నియమం. కీల్ డచ్ వారిదని తేలితే పడవకు అర్హత పోతుంది. అటువంటి ప్రకటనపై సంతకం కోసం క్లబ్ ప్రతినిధులు వాన్ ఊసానెన్‌ను అడిగారు; ఆయన చేయలేదు. లెక్సెన్ 1988లో మరణించిన చాలా కాలానికి, 2009లో, కీల్ ప్రధానంగా తనదీ స్లోఫ్‌దీ అని వాన్ ఊసానెన్ ప్రకటించాడు. ఆస్ట్రేలియన్ బృంద సభ్యులు దానిని ఖండించారు. రెక్కల ఆలోచన ఎవరి నోట మొదట వచ్చిందన్న దానికంటే, తలకిందుల కీల్‌ను, తేలికైన పడవను, తెరచాపలను ఒక్కటిగా కూర్చింది ఎవరన్న ప్రశ్న చరిత్రకారునికి ఎక్కువ ఉపయోగం. ఆ కూర్పు లెక్సెన్‌దే అనడానికి ఆధారం బలంగా ఉంది.

ఫైనల్‌లో డెనిస్ కానర్ నడిపిన ‘లిబర్టీ’ 3-1తో ముందంజ వేసింది. జాన్ బెర్ట్రాండ్ నాయకత్వంలోని ‘ఆస్ట్రేలియా-2’ తర్వాతి రెండు పందేలు గెలిచి సమం చేసింది. సెప్టెంబరు 26న జరిగిన ఏడవ పందెంలో ఐదవ దశ ఆరంభానికి ‘లిబర్టీ’ 57 సెకన్లు ముందుంది. ఆ దశలోనే దానిని దాటిన ఆస్ట్రేలియన్ పడవ చివరకు 41 సెకన్ల తేడాతో గెలిచింది. అయితే ఆ దశ గాలి వెనుక నుండి వీచేది. పడవ అంతగా ఒరగదు. రెక్కల కీల్ గెలిచిన పందెంగా పేరుపడిన ఆ పోటీలో నిర్ణాయకమైన క్షణం, రెక్కలకు పెద్దగా పని లేని చోట వచ్చిందన్నది తరచుగా విస్మరించే అంశం.

1987లో ఫ్రీమాంటిల్ వద్ద ఫైనల్‌లో తలపడిన రెండు పడవలకూ రెక్కలున్నాయి. అప్పుడు కప్పును తిరిగి అమెరికాకు తీసుకువెళ్లినవాడు కానరే. 1992లో వచ్చిన కొత్త తరగతిలో కీల్ 4 మీటర్ల లోతు వరకు దిగవచ్చు. దానితో రెక్కలు బాగా చిన్నవై, హెరెషాఫ్ నాటి సన్నని పలక, కొసన సీసపు దుంగ ప్రధానరూపంగా తిరిగి వచ్చాయి.