బళ్ళారి ఎండ, కోల్‌కతా ఉక్కపోత: ఫుట్‌బాల్ ఆటగాళ్ల పరుగుపై వేడి ప్రభావం

2022 ఏప్రిల్ చివర్లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా కప్ అర్హత పోటీల కోసం బళ్ళారిలో శిబిరం పెట్టింది. అప్పటి శిక్షకుడు ఇగోర్ స్టిమాచ్. జూన్‌లో మ్యాచ్‌లు మాత్రం కోల్‌కతాలో. ఎండలు ముదిరే వేళ బళ్ళారికి రావడం వింతగా తోచినా, తోరణగల్లు ఉక్కు కర్మాగారం దగ్గర 2018లో మొదలైన ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ వసతులను చూస్తే కారణం తెలుస్తుంది. బళ్ళారి వేడి కోల్‌కతాలో ఆడబోయే ఆటగాణ్ణి దేనికి సిద్ధం చేస్తుంది, దేనికి చేయదు అన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

పరుగెత్తే కండరం ఖర్చు చేసే శక్తిలో దాదాపు ముప్పాతిక వంతు వేడిగానే పోతుంది. దాన్ని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్లాలి, అదే సమయంలో కండరానికీ అందాలి. గుండె వేగం పెరుగుతుంది. ఒళ్లు కాగుతున్న కొద్దీ ఆటగాడు తెలిసో తెలియకో పరుగు తగ్గించుకుంటాడు. మోర్, అతని సహచరులు 2012లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే ఆటగాళ్లు 21 డిగ్రీల్లో ఒకసారి, 43 డిగ్రీల్లో ఒకసారి ఆడారు. వేడిలో మొత్తం దూరం 7 శాతం, వేగపు పరుగు 26 శాతం తగ్గాయి. గరిష్ఠ స్ప్రింట్ వేగం మాత్రం 4 శాతం పెరిగింది, సరిగ్గా చేరిన పాస్‌లూ 8 శాతం పెరిగాయి. దీన్ని నైపుణ్యం పెరగడంగా చదవడం తొందరపాటే. ప్రత్యర్థి మీదపడి ఒత్తిడి చేయడం తగ్గితే పాస్‌కు తీరిక దొరుకుతుంది. 2014 బ్రెజిల్ ప్రపంచ కప్ లెక్కల్లోనూ వేడిలో వేగపు పరుగు తగ్గి, సరిగ్గా చేరిన పాస్‌లు పెరిగిన ధోరణి కనిపించింది.

అయితే ‘వేడి’ అంటే థర్మామీటర్ అంకె కాదు. క్రీడారంగం వాడే సూచిక గాలిలోని తేమ ప్రభావాన్ని పట్టే తడి బల్బు ఉష్ణోగ్రతకు 70 శాతం, ఎండ తాపాన్ని పట్టే నల్లని గోళానికి 20 శాతం, గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం బరువిస్తుంది. అది 32 దాటితే ఫిఫా నిబంధనల ప్రకారం చల్లబడే విరామం ఇవ్వవచ్చు. ఒక ఊహా లెక్క వేద్దాం. బళ్ళారి మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 20 శాతం అయితే తడి బల్బు సుమారు 23. నల్లని గోళం 50 చూపితే సూచిక 30కి చేరుతుంది. కోల్‌కతాలో సూర్యుడు దిగాక 33 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకుంటే తడి బల్బు 29, సూచిక మళ్లీ 30 దాకా! అంకె ఒకటే కానీ శరీరానికి ఈ రెండూ ఒకటి కావు. బళ్ళారిలో చెమట పుట్టగానే ఆరి ఒంటిని చల్లబరుస్తుంది. కోల్‌కతాలో అది జారి నేలపాలవుతుంది.

ఒకటి రెండు వారాలు వేడిలో సాధన చేస్తే రక్తంలోని ప్లాస్మా పెరుగుతుంది, చెమట ముందుగా పడుతుంది, గుండె వేగం తగ్గుతుంది. ఈ లాభాలు చాలావరకు ఎక్కడికైనా వెంట వస్తాయి. కానీ తడిసిన చర్మంతో, ఆరని చెమటతో ఆడే అలవాటు పొడి గాలిలో అంతగా అబ్బదు. 2022లో జట్టు బళ్ళారి తర్వాత కోల్‌కతాలోనూ సాధన చేసింది. నా దృష్టిలో శిబిరం విలువ ఈ రెండో అంచెలోనే ఉంది. కంబోడియా, అఫ్గానిస్తాన్, హాంకాంగ్‌లపై మూడు మ్యాచ్‌లూ గెలిచినా, ఆ ఘనతను వాతావరణ సాధన ఖాతాలో వేయడానికి ఆధారం లేదు.

పొడి ఎండకు ఇంకో మోసముంది. జెర్సీ తడవదు కాబట్టి చెమట పట్టలేదని కుర్రవాడు అనుకుంటాడు, నీళ్లు తక్కువ తాగుతాడు. పక్కనే అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ మైదానాల్లో ఆడే పిల్లలకూ ఇది వర్తిస్తుంది. వాళ్లకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. సాధనకు ముందూ తర్వాతా ఒకే తూకపు యంత్రంపై ఒంటి బరువు చూసుకుంటే, మధ్యలో తాగిన నీటిని కలిపి లెక్కిస్తే, పోయిన చెమట ఎంతో తెలుస్తుంది. బరువు రెండు శాతానికి మించి తగ్గితే మర్నాటి సాధనను తెల్లవారుజాముకు మార్చి, నీటి విరామాలు పెంచాలి.