పట్టణ వీధుల్లో నడక, సైకిలు దారులు: తెలుగు రాష్ట్రాల చరిత్ర

పట్టణం నడిబొడ్డున ఉండే వీధులను కాలినడకకు, సైకిలు ప్రయాణానికి అనువుగా తీర్చిదిద్దే ప్రయత్నాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కొన్ని దశాబ్దాలుగా సాగుతున్నాయి. వీటిలో పాతది, పేరు మోసినది హైదరాబాద్ పాతబస్తీలోని చార్మినార్ పాదచారుల పథకం. 2020 తర్వాత వరంగల్, విజయవాడ, కాకినాడ నగరాలు కేంద్ర ప్రభుత్వ పోటీల ద్వారా ఈ దారి పట్టాయి. అనకాపల్లి జిల్లా నక్కపల్లి వంటి రహదారి పక్క మండల కేంద్రాల్లో ఇదే సమస్య ఇంకో రూపంలో ఉంది. వీధిలో ఎంత రాయి పరిచారన్నదాని కన్నా, ఆ వీధి మీద బతికేవాళ్ళను పనికి ముందు ఎంత అడిగారన్నదే మార్పు నిలవడానికి, నిలవకపోవడానికి ఎక్కువ కారణమైందని ఈ చరిత్ర చెబుతుంది.

రథం వీధి నుంచి మార్కెట్ రోడ్డు దాకా

తెలుగు ఊళ్ళలో నడక కోసం ఉద్దేశించిన వీధి కొత్తదేమీ కాదు. గుడి చుట్టూ ఉండే మాడ వీధులు, రథం వీధులు ఉత్సవానికి, జనానికి సరిపోయేలా ఏర్పడినవి. ఎవరైనా అరుగును కొంచెం ముందుకు జరిపితే రథోత్సవం నాడు ఆ సంగతి ఊరందరి కళ్ళబడేది. రథం తిరగాలి కాబట్టి వీధి వెడల్పును ఏటా ఒకసారి ఊరే కొలుచుకున్నట్టయ్యేది. తిరుమల మాడ వీధులు ఇప్పటికీ నడకకే చెందినవి. అక్కడికి అలిపిరి నుంచి 3,550 మెట్ల కాలిబాట ఉంది. నక్కపల్లిని ఆనుకొని ఉన్న ఉపమాకలోనూ వేంకటేశ్వరస్వామి కొండ ఆలయానికి ఫాల్గుణ మాసంలో కల్యాణోత్సవాలు జరుగుతాయి.

హైదరాబాద్‌లో ఈ ఆలోచన ఇంకో రూపం తీసుకుంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద తర్వాత, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. చార్మినార్‌కు ఉత్తరాన ఉన్న పత్తర్‌గట్టి బజారు ఆ కాలపు పునర్నిర్మాణంలో రూపుదిద్దుకుంది. దుకాణాల ముందు రాతి కమానుల వరుస ఉండటం వల్ల బేరానికి వచ్చినవాళ్ళు ఎండా వానా తగలకుండా నడవగలిగారు.

కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) భాగం. స్కాట్లండ్‌కు చెందిన పట్టణ ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్ 1914-15లో ఈ రాజధానిలోని పట్టణాలు తిరిగి నివేదికలు రాశాడు. పాత పేటలను కూలగొట్టి వెడల్పాటి రోడ్లు వేయడాన్ని ఆయన తప్పుపట్టాడు. అవసరమైన చోట మాత్రమే, వీలైనంత తక్కువ కోతతో బాగుచేయాలన్నాడు. 1920లో వచ్చిన మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం ముసాయిదాను ప్రకటించి అభ్యంతరాలు తీసుకునే పద్ధతిని శాసనంలోకి తెచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో ఈ చట్టమే తర్వాత కూడా కొనసాగింది. నేటి ‘అభ్యంతరాలు, సలహాలు ఆహ్వానిస్తున్నాం’ అనే ప్రకటనకు మూలం ఇక్కడే కనిపిస్తుంది.

సైకిలు రోజులు

ఇరవయ్యో శతాబ్దం మధ్య దశాబ్దాల్లో తెలుగు పట్టణాల్లో సామాన్యుడి వాహనం సైకిలే. మునిసిపాలిటీకి ఏటా సైకిలు పన్ను కట్టి, ఇచ్చిన రేకు బిళ్ళను బండికి తగిలించుకోవాలి. రాత్రివేళ దీపం లేకుండా తొక్కినా, ఇద్దరు ఎక్కినా పోలీసు ఆపేవాడు. బజారులో గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చే షాపులుండేవి. ఇంతమంది తొక్కినా వీధిలో వాళ్ళకంటూ వేరే వరుస లేదు. మోటారు బండ్లు తక్కువ కాబట్టి ఆ అవసరం అప్పట్లో పెద్దగా తెలియలేదు.

స్కూటర్లు, ఆటోలు, కార్లు పెరిగేకొద్దీ సైకిలు రోడ్డు అంచుకు, నడిచేవాళ్ళు కాలువ గట్టుకు చేరారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయం, గృహ పరిశ్రమలు కాకుండా ఇతర పనులకు వెళ్ళేవారిలో దాదాపు 23 శాతం నడిచి, 13 శాతం సైకిలు మీద వెళ్ళారు. అంటే మూడోవంతుకు పైగా జనం ఇంజను లేకుండానే పనికి చేరుతున్నారు. రోడ్డు మీద ఖర్చు మాత్రం బండ్ల కోసమే జరిగింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వారిలో 32 వేలకు పైగా కాలినడకన వెళుతున్నవారే.

చట్టాలు, కొలతలు

1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు ఊరి రోడ్లను పంచాయతీల జాబితాలో, పట్టణ రోడ్లు, వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలను పురపాలక సంఘాల జాబితాలో చేర్చాయి. గ్రామసభ, వార్డు కమిటీ అనే వేదికలకు రాజ్యాంగంలో చోటు దొరికింది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం ప్రణాళికకు వాహనాలను కాక మనుషుల రాకపోకలను ప్రమాణంగా తీసుకోవాలని చెప్పింది.

ఫుట్‌పాత్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెబుతాయి. 2012లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం అడ్డులేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. అంచు రాయి ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. దుకాణం ముందు నిలబడి బేరమాడేవాళ్ళకు ఒక పట్టీ, నడకకు ఒక పట్టీ, స్తంభాలకు, చెట్లకు, బెంచీలకు ఒక పట్టీ, ఇలా మూడు భాగాలుగా చూడాలి.

వీధిలో జరిగేది వేరు. చాలా పట్టణాల్లో ఫుట్‌పాత్ అంటే మురుగు కాలువ మీద పరిచిన కడప బండలే. పూడిక తీయడానికి ఎత్తిన బండ మళ్ళీ సరిగా కూర్చోదు, ఒక మూల పైకి లేచి ఉంటుంది. ప్రతి దుకాణం తన గడప ఎత్తుకు తగ్గట్టు మెట్టు కట్టుకుంటుంది, బండి ఎక్కించుకోవడానికి వాలు పోసుకుంటుంది. ఎక్కుతూ దిగుతూ పది దుకాణాలు దాటేసరికి నడిచే మనిషి విసిగి రోడ్డు మీదికి దిగుతాడు. కాళ్ళనొప్పులున్నవాళ్ళు, పసిపిల్లను చంకనెత్తుకున్నవాళ్ళు మొదటే దిగుతారు.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం సంప్రదింపుల తీరును కొంత మార్చింది. ప్రతి పట్టణంలోనూ పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులు తమలో తాము ఎన్నుకున్నవారు కావాలి, వారిలో మూడోవంతు మహిళలుండాలి. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. తోపుడు బండిని ‘ఆక్రమణ’గా మాత్రమే చూసిన కాలానికి ఇది చట్టపరమైన ముగింపు. పాదచారుల విషయంలో 2025 మే 14న సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమేనని చెప్పింది.

చార్మినార్ పాదచారుల పథకం

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ నాలుగు దారుల కూడలిలో నిలిచింది. ఉత్తరాన నాలుగు కమానులు, వాటి మధ్యలో గుల్జార్ హౌజ్, పడమర లాడ్ బజారు, దక్షిణాన మక్కా మసీదు ఉన్న ఈ చోటు మనుషులు నడిచి వచ్చి కలుసుకోవడానికి అమరినట్టుంటుంది. ఇరవయ్యో శతాబ్దంలో బస్సులు, ఆటోలు కట్టడం చుట్టూ తిరగడంతో సున్నపు పూత నల్లబడింది, అదురు కట్టడాన్ని పీడించింది.

చుట్టూ వాహనాలను ఆపి, నడిచేవాళ్ళకు మాత్రమే వదలాలనే ఆలోచన 1990లలో మొదలైంది. 2006లో సుమారు 35 కోట్ల రూపాయలతో పథకం మొదలుపెట్టారు. చార్మినార్ దగ్గరికి రాకుండా బండ్లు పక్కగా సాగిపోవడానికి లోపలి, వెలుపలి వలయ రోడ్లు వేయడం, కట్టడం చుట్టూ రాతిపరుపు, పాత ముఖద్వారాల పునరుద్ధరణ ఇందులో భాగాలు.

కాగితం మీద తేలికగా కనిపించిన పని నేల మీద ఏళ్ళకేళ్ళు సాగింది. వలయ రోడ్లకు ఆస్తులు సేకరించాలి. గిరాకీ బండి మీదే వస్తుందని నమ్మిన దుకాణదారులు బండి ఆగితే బేరం పోతుందని భయపడ్డారు. చార్మినార్ నీడలో పండ్లు, గాజులు, అత్తరు అమ్ముకునే చిన్న వ్యాపారులకు ఇంకో భయం: వాళ్ళ తోపుడు బండ్లు కూడా చక్రాలున్నవే. ‘వాహనాలు లేని వీధి’ అంటే తమను తీసేయడమా అన్న ప్రశ్నకు పథకం మొదట్లో సూటిగా జవాబివ్వలేదు. కట్టడం కేంద్ర పురావస్తు శాఖది, రోడ్డు నగరపాలక సంస్థది, బండ్ల దారి మళ్ళింపు ట్రాఫిక్ పోలీసులది కావడంతో ఎవరిని అడగాలో కూడా వ్యాపారులకు తేలేది కాదు.

2014లో తెలంగాణ ఏర్పడ్డాక పని మళ్ళీ కదిలింది. కేంద్రం రెండో విడతలో ఎంపిక చేసిన స్వచ్ఛ ప్రఖ్యాత స్థలాల్లో చార్మినార్ ఒకటి. 2017లో ఫ్రాన్స్ నిపుణుల బృందం వచ్చి పరిశీలించింది. ఆ ఏళ్ళలోనే కట్టడం చుట్టూ గ్రానైటు రాతిపరుపు పడింది, వాహనాల రాకకు అడ్డుకట్టలు పెట్టారు. 2019 మే నెలలో ఒక మీనారు నుంచి సున్నపు అలంకరణ పెచ్చు ఊడిపడటం కట్టడం ఎంత సున్నితమైందో మరోసారి చూపింది.

జనం ఆ స్థలాన్ని తమదిగా చేసుకున్నది 2021 అక్టోబరులో. 17వ తేదీ ఆదివారం ‘ఏక్ శామ్ చార్మినార్ కే నామ్’ పేరుతో సాయంత్రం వాహనాలు ఆపి సంగీతం, తినుబండారాలు, చేతిపనుల అంగళ్ళు ఏర్పాటు చేశారు. అంతకుముందు ఆగస్టులో ఒక పౌరుడు సామాజిక మాధ్యమంలో అప్పటి మంత్రి కె.టి. రామారావును కోరడంతో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లను ఆపారు. దాని విజయమే చార్మినార్‌కు దారి చూపింది. కట్టేముందు కొన్ని గంటలు ఆపి చూడటమనే పద్ధతి ఇలా నగరంలోకి వచ్చింది.

పోటీలు, ప్రయోగాలు

రోడ్డును కొంతసేపు జనానికి వదిలి చూడటం ప్రపంచంలో పాత పద్ధతే. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో స్ట్రోయెట్ వీధిని 1962లో ప్రయోగంగా మూశారు, తర్వాత అదే స్థిరపడింది. కొలంబియాలోని బొగోటాలో 1974 నుంచి సెలవు రోజుల్లో రోడ్లను సైకిళ్ళకు వదులుతున్నారు. మనకు దగ్గర్లో చెన్నై పాండీ బజారులో ముందు కొద్దిరోజులు నడిపి చూసి, 2019లో వెడల్పాటి నడకదారిని ప్రారంభించారు. విశాఖపట్నం రామకృష్ణా బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కొంతసేపు వాహనాలను ఆపడం నగరవాసులకు అలవాటైంది.

కరోనా లాక్‌డౌన్ తర్వాత, 2020 జూన్‌లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ సైకిలు పోటీని ప్రకటించింది. 2021లో ఎంపికైన 11 నగరాల్లో వరంగల్ ఉంది. వీధులను నడకకు అనువుగా మార్చే మరో పోటీలో 2022 జనవరిలో ప్రకటించిన 11 నగరాల్లో విజయవాడ నిలిచింది. చిన్నపిల్లలకు అనువైన పరిసరాల పోటీలో వరంగల్, కాకినాడ ఎంపికయ్యాయి. ఈ పోటీల్లో రంగు గీతలు, తాత్కాలిక దిమ్మెలు, కదిలించగల కుండీలతో ముందు ఒక నమూనా వేయాలి. వీధిలోని వాళ్ళ మాట విని, మార్పులు చేసి, ఆ తర్వాతే స్థిరంగా కట్టాలి. గీత తప్పయితే చెరపవచ్చు, రాయి తప్పయితే పగలగొట్టాలి.

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిలు దారి దీనికి భిన్నమైనది. పైన సౌర ఫలకాల కప్పుతో వ్యాయామానికి తొక్కేవాళ్ళను ఆకట్టుకుంది. కూరల సంచి తగిలించుకుని బజారుకు వెళ్ళే మనిషి ఉన్నది ఊరి మధ్యలో కావడంతో అతని అవసరాన్ని ఇది తీర్చలేదు.

నక్కపల్లి వంటి రహదారి ఊళ్ళు

నక్కపల్లి చాలాకాలం నర్సీపట్నం రెవెన్యూ డివిజన్‌లో ఉన్న మండల కేంద్రం. చెన్నై-కోల్‌కతా మధ్య సాగే 16వ జాతీయ రహదారి మీద ఉంది. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. 2025 జనవరి 8న ప్రధాని నరేంద్ర మోదీ ఇక్కడి బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన చేశారు. పరిశ్రమలతో లారీలు, ఉద్యోగులు, అద్దె ఇళ్ళు పెరిగే ఊళ్ళలో వీధి గురించి ముందే ఆలోచించాల్సిన అవసరం ఎక్కువ.

ఇలాంటి ఊళ్ళలో ఆటో స్టాండు, టీ కొట్లు, సంత బేరాలు రహదారి చుట్టూనే అల్లుకుంటాయి. రోడ్డు జాతీయ రహదారుల సంస్థది, దాని పక్క సందు పంచాయతీది. అటు నుంచి ఇటు దాటాలంటే అండర్‌పాస్ ఎక్కడుండాలో ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం ఊరి పిల్లల బడి దారిని మారుస్తుంది. 2010లలో ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం కింద ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు. సైకిలు చేతికొచ్చింది గానీ, దాన్ని తొక్కే దారి ఆ పథకంలో లేదు.

పంచాయతీ ఊళ్ళలో చట్టబద్ధమైన వేదిక గ్రామసభ. పూర్వం టముకు వేయించి చెప్పిన కబురు ఇప్పుడు మైకులోనో, ఫోన్‌లోనో వస్తుంది. సభ పగటిపూట పెడితే కూలికి పోయినవాళ్ళు రారు, దుకాణం కట్టేసి వ్యాపారి రాడు. సైకిలు మీద బడికి వెళ్ళే పిల్లను అడిగే ఆనవాయితీయే లేదు.

సంప్రదింపులపై విమర్శలు

రోడ్డు విస్తరణలో జనానికి తెలిసిన సంప్రదింపు చాలాచోట్ల గోడ మీద ఎర్ర రంగు గుర్తుతో మొదలైంది. నిర్ణయం అయిపోయాక అభిప్రాయం అడగడం, భూమి ఇచ్చేవాళ్ళకు సొమ్ముకు బదులు బదలాయించుకోగల నిర్మాణ హక్కు పత్రాలు (టీడీఆర్) ఇవ్వడం అపనమ్మకాన్ని పెంచాయి. అభ్యంతరాలు రాసిచ్చేది ఎక్కువగా ఆస్తి ఉన్నవాళ్ళు కావడంతో, నడిచేవాళ్ళ, బండి తోసేవాళ్ళ మాట రికార్డులోకి రాలేదన్నది మరో విమర్శ.

నిర్వహణ ఇంకో లోటు. కొత్త ఫుట్‌పాత్ మీద ఆర్నెల్లు తిరక్కుండానే ద్విచక్ర వాహనాలు నిలవడం సాధారణం. వెండింగ్ కమిటీలో వ్యాపారులు, వార్డు సమావేశంలో నివాసులు కూర్చుని ఎవరి బండి ఎక్కడ నిలవాలో, ఎన్నింటికి సరుకు దించుకోవాలో ముందే ఒప్పుకున్న వీధిలో ఆ ఒప్పందాన్ని కాపాడేది కూడా వాళ్ళే. అలా ఒప్పుకోని చోట గుత్తేదారు బిల్లు తీసుకుని వెళ్ళాక, పూడికకు ఎత్తిన బండను తిరిగి సరిగా కూర్చోబెట్టే బాధ్యత ఎవరిదీ కాకుండా పోతోంది.