ఓబులేసుని బావమరుదులు

నంద్యాలలో ఏ మిద్దె మీద నిలిచి తూర్పుదిక్కు చూచినా నీలిగోడవలె నల్లమల కనుపిస్తుంది. దక్షిణంగా ఆళ్లగడ్డ మీదుగా పోయి ఆ గోడ మొదటికి చేరుకొంటే అహోబిలం వస్తుంది. ఉత్తరాన ఆత్మకూరు దాటి అడవిలో ప్రవేశిస్తే శ్రీశైలానికి పోయే పాత కాలిబాట తగులుతుంది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఈ రెండు క్షేత్రాలూ చేరినవి. నడుమనున్న అరణ్యంలో తరతరాలుగా కాపురముంటున్నవారు చెంచులు. వారి మాతృభాష మన తెలుగే. అందువల్ల వారితో మాటలాడడానికి మనకు దుబాసీ అవసరం లేదు. అయినా వారితో కలిసి పనిచేయవలసి వచ్చినప్పుడు మనవారు ఎంత గౌరవంగా ప్రవర్తించినారు? ఆ ప్రవర్తన కాలక్రమాన ఎట్లా మారినది? ఈ విషయమై నల్లమల చరిత్ర చెప్పే సంగతులు కొన్ని ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

ముందుగా ఒక పని సంగతి. పెద్ద తేనెపట్లు కొండచరియల నడుమ, మనిషి కాలు నిలువని చోట్ల ఉంటవి. చెంచు యువకుడు తీగలతో పేనిన తాడు పట్టుకొని లోయ మీదికి దిగుతాడు. కింద చూస్తే కళ్లు తిరిగే లోతు, చుట్టూ పొగ, ముసిరే ఈగలు. పైన ఆ తాడును పట్టుకొని కూర్చునేవాడు ఎవరు? ఆ తావు బావమరిదిది అని చెంచులు చెప్పుకొంటారు. తాడు జారితే అతని తోబుట్టువు పసుపుకుంకాలు పోతవి గనుక అతడు ఏమరుపాటు చెందడని వారి నమ్మకం. ప్రాణాపాయం ఉన్న పనిలో జతగాణ్ణి ఎన్నుకొనేటప్పుడు వారు బలాన్ని చూడలేదు, కూలిని చూడలేదు. మన క్షేమం తన క్షేమంగా భావించేవాడెవడని చూచినారు.

ఈ చుట్టరికాన్నే అహోబిలం దేవుడు కూడ కలుపుకొన్నాడు. హిరణ్యకశిపుని వధించిన నరసింహస్వామి ఉగ్రరూపంతో ఈ అడవులలో సంచరిస్తూ చెంచుపడుచును చూచి మనసుపడినాడనీ, ఆమె చెంచులక్ష్మిగా స్వామిని పెండ్లాడినదనీ స్థలకథ. అహోబిల మఠపు ఏడవ జీయరుగారి రచనగా ప్రసిద్ధి గాంచిన 'వాసంతికా పరిణయము' అనే సంస్కృత నాటకానికి ఈ వివాహమే ఇతివృత్తం. 1958లో వెండితెర మీద ‘చెంచులక్ష్మి’ని చూచి ఆనందించిన తెలుగు ఇండ్లెన్నో! చెంచుల లెక్కన స్వామి వారి ఇంటి అల్లుడు. వరుసకు బావ. కాబట్టి చెంచుగూడెంలోని మగపిల్లలందరూ ఓబులేసునికి బావమరుదులు.

కథ కథగానే మిగిలిపోక ఏటేటా జరిగే ఉత్సవంగా కూడ నిలిచినది. కనుమ పండుగనాడు అహోబిలంలో పారువేట మొదలవుతుంది. ఆనాడు చెంచులు విల్లమ్ములతో వచ్చి స్వామి పల్లకి వైపు బాణాలు విడిచి తమ మర్యాద తెలుపుకొంటారు. పిమ్మట పల్లకి కొండ దిగి ముప్పైకి పైగా పల్లెలు తిరిగి, నలుబది దినాలకు పైబడిన ప్రయాణం ముగించుకొని ఫాల్గుణ బ్రహ్మోత్సవాల వేళకు గుడి చేరుతుంది. తన పెండ్లికి రమ్మని స్వామి స్వయంగా ఊరూరా పిలువబోతున్నాడని జనుల విశ్వాసం. పల్లకి దిగడానికి ఊరూరా కట్టిన అరుగులను 'తెలుపులు' అంటారు. వైష్ణవాచార్యులు, పల్లకి మోసే బోయీలు, పల్లెల రైతులు, అడవి చెంచులు — ఎవరి పని వారిది, ఎవరి మర్యాద వారిది. ఒకరు రాకపోతే ఉత్సవం కుంటుపడుతుంది. పలు జాతుల వారు ఒక కార్యంలో పాలుపంచుకొనే పద్ధతి ఈ సీమకు కొత్త కాదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

గుడి వెలుపల కూడ చెంచులకు ఒక కొలువు ఉండేది. అది కావలి. నంద్యాల నుండి గిద్దలూరు వైపు పోయే నందికనుమ వంటి దారులలో దొంగల భయం, మృగభయం ఉండేవి. నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడచిపోయే యాత్రికులకు దారి తప్పే భయం కూడ ఉండేది. ఆ దారులలో ప్రతి మలుపూ, ప్రతి నీటిచెలమా తెలిసినవారు చెంచులే. దారి చూపి కావలి కాచినందుకు రుసుము పుచ్చుకోవడం వారు తమ హక్కుగా భావించేవారు. భిక్షం వేరు, హక్కు వేరు. రుసుము ఇచ్చేవాడు ఆ అడవి వారిదని ఒప్పుకొని ఇచ్చేవాడు.

ఈ ఏర్పాటు కుంపిణీ పాలనలో క్రమంగా సడలినది. 1800లో నిజాము దత్తమండలాలను ఆంగ్లేయులకు ఇచ్చివేసినాడు. 1839లో కర్నూలు నవాబు సంస్థానం కూడ వారి వశమైనది. 1858లో కడప నుండి కోయిలకుంట్ల మొదలయిన తాలూకాలను విడదీసి చేర్చగా కర్నూలు జిల్లా రూపొందినది. అటు తరువాత 1882లో మదరాసు అటవీ చట్టం వచ్చినది. ఆ చట్టం ప్రకారం సర్కారు హద్దురాళ్లు పాతి రిజర్వు అడవులను ఏర్పరచినది. హద్దు లోపల వంటచెరకు, వెదురు, తేనె, జిగురు — అన్నీ లెక్కలోకి వచ్చినవి. నిన్నటి దాకా ఇంటి పెరడు వంటిదైన చోట పుల్ల విరవడానికి నేడు అనుమతి కావలసి వచ్చినది. తాత కాలంనాటి కావలివాడు మనుమడి కాలానికి కూలివాడైనాడు. వారి అడవిజ్ఞానం మాత్రం ఇలాకాకు అవసరమే. దారి చూపడానికీ, కార్చిచ్చు ఆర్పడానికీ, ఫలసాయం ఏరడానికీ చెంచు లేనిది గడవలేదు. పని అక్కరకు వచ్చినది గాని, ఆ పని చేసేవాని మాటకు విలువ లేకపోయినది.

ఆ కాలపు గ్రంథాలు చదివితే రెండు రకాల చూపులు కనుపిస్తవి. 1840లలో న్యూబోల్డ్ అనే సైనికోద్యోగి చెంచులను గురించి వ్రాసిన వ్యాసానికి పేరు పెట్టేటప్పుడే వారిని ‘అనాగరిక తెగ’గా పేర్కొన్నాడు. 1886లో వెలువడిన కర్నూలు జిల్లా మాన్యువలును రచించినవారు మన తెలుగువారే, నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారు. తెలుగులో తొలి నవలలలో ఒకటిగా లెక్కకు వచ్చే 'శ్రీరంగరాజ చరిత్రము'ను 1872లో వ్రాసినది కూడ వారే. ఆ నవలలో నాయిక సోనాబాయి లంబాడీల నడుమ పెరిగిన పిల్ల. అడవిబిడ్డను కథానాయికగా నిలుపగలిగిన చేయే జిల్లా లెక్కల గ్రంథమూ వ్రాసినదన్నమాట. సర్కారు చట్టాలకు మాత్రం అటువంటి సానుభూతి లేదు. పుట్టుకను బట్టి మనుషులను నేరస్థులుగా ఎంచే చట్టం 1871లో ఉత్తరదేశంలో పుట్టి, 1911 తరువాత మదరాసు రాజధానికీ వ్యాపించినది. దాని నీడ చెంచుల మీద కూడ పడినది. మదరాసులో 1947లోను, దేశమంతటా 1952లోను ఆ చట్టం రద్దయినది. కావలి కాచినవారి సంతతిని కావలిలో ఉంచడం కంటె విపరీతం వేరే ఏమి ఉంటుంది?

కృష్ణకు ఆవలి ఒడ్డున, నాటి హైదరాబాదు సంస్థానంలోని అమ్రాబాదు పీఠభూమిలో, 1940లో హైమన్‌డార్ఫ్ దంపతులు చెంచుల నడుమ నివసించి వారి జీవితాన్ని పరిశీలించినారు. ఆ గ్రంథం 1943లో వెలువడినది. ప్రతి కుటుంబసమూహానికీ అడవిలో తనదైన ప్రదేశం ఉన్నదనీ, ఆ హద్దులు వారికి క్షుణ్ణంగా తెలుసుననీ అందువల్ల లోకానికి తెలిసినది. ఆ అడవి ఏనాడూ ఎవరికీ చెందని బీడు కాదు.

స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట చూపు కొంత మారినది. 1956లో విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ ఏర్పడి, దళారుల ప్రమేయం లేకుండా తేనె, తపసిజిగురు, కుంకుళ్లు మొదలయిన సరకులను కొనడానికి పూనుకొన్నది. 1958లో నెహ్రూగారు గిరిజనుల విషయమై ఐదు సూత్రాలు చెప్పినారు. ఎవరి ప్రతిభను బట్టి వారు పెరగవలెనని, పాలన పనిలోను అభివృద్ధి పనిలోను వారి మనుషులకే శిక్షణ ఇచ్చి నిలుపవలెనని, బయటి ఉద్యోగులను అతిగా వారి మీద దించరాదని వాటి సారాంశం. 1957నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికను మన దేశం 1958లో ఆమోదించినది. గిరిజనులను తక్కిన సమాజంలో కలిపివేయడమే దాని ధోరణి. 1989నాటి కొత్త ఒడంబడికలో ఆ ధోరణి పోయి, వారికి సంబంధించిన పనిలో ముందుగా వారినే సంప్రదించవలెననే సూత్రం వచ్చినది. ఈ రెండవ దానిని మన దేశం ఆమోదించలేదు. అయితే 2006నాటి అటవీ హక్కుల చట్టం చిల్లర అటవీ ఫలసాయం మీద అడవివాసులకు యాజమాన్యపు హక్కు ఇచ్చినది. చెంచుల వంటి ఆదిమ తెగలకు వారి ఆవాస ప్రదేశం మీద కూడ హక్కును గుర్తించినది. 2011 జనాభా లెక్కలనాటికి ఉమ్మడి రాష్ట్రంలో చెంచులు సుమారు 64 వేలమంది. ఇంత చిన్న సమూహానికి చట్టమే పెద్ద అండ.

ఇక మన కాలపు కొలువు. 1983లో నాగార్జునసాగరం–శ్రీశైలం అభయారణ్యం పులుల సంరక్షణ పథకంలో చేరినది. నాటి వైశాల్యం 3,568 చదరపు కిలోమీటర్లు. అంతటి అడవిలో పులి ఏ వాగు దగ్గర నీరు త్రాగినదో, ఆ అడుగు నిన్నటిదో నేటిదో చెప్పగలిగినవారు చెంచులు. అటవీశాఖ వారిలో అనేకులను కావలివారుగా, అడుగుజాడలు తీసేవారుగా నియమించినది. పులుల లెక్కకు చెట్లకు కట్టే కెమెరాలను ఏ బాట పక్కన కట్టవలెనో చూపేది కూడ వారే. పూర్వపు కనుమకావలి ఈ రూపంలో తిరిగి వచ్చినదని సంతోషించవచ్చును. అయితే ఇటువంటి కొలువులలో పెక్కు తాత్కాలికమైనవి. లోయలోకి దిగేవాడు ఉన్నాడు గాని, పైన తాడు పట్టే బావమరిది ఎవరన్నది ప్రశ్నగానే ఉన్నది.

పరులను అనే ముందు నా తప్పు నేను చెప్పుకోవలె. పదిహేనేండ్ల క్రితం అహోబిలం దిగువనున్న ఒక గూడెంలో పాటలు రికార్డు చేసుకొనడానికి పోయినాము. తెల్లమీసాల పెద్ద ఒకరు చాలాసేపు పాడినారు. వయస్సులో నాకు తండ్రి వంటివారు. అయినా నా నోట 'నువ్వు' అనే మాటే వచ్చినది. ఆళ్లగడ్డలో ఒక భాగవతారుగారిని అదే ఉదయం 'తమరు' అని పలుకరించిన నోరే అది! కార్యక్రమం ప్రసారమైన దినాన భాగవతారుగారి పేరు, పక్కవాద్యాలవారి పేర్లు చదివినాను. చివరకు 'చెంచు కళాకారుల బృందం' అని ముగించినాను. మరుసటి ఏడు పారువేటలో ఆ పెద్ద నన్ను గుర్తుపట్టి దగ్గరకు వచ్చినారు.

"నా పేరు రాసుకొని పోతివి గదా సామీ, రేడియోలో చెప్పలేదేమి?" అని అడిగినారు.

ఆ మాటలో కోపం లేదు. నిజంగా తెలుసుకొందామని అడిగినారు. వేళ చాలలేదని నేను చెప్పినాను. అది అబద్ధం. వారి పేరు పలకడానికి రెండు క్షణాలు చాలు. తరువాత ఆ పాటలను మళ్లీ ప్రసారం చేసినప్పుడు గూడెంవారి పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదివినాను. అప్పటికి ఆయన లేరు.

నాటి నుండి ఏ గూడేనికి పోయినా నేను పాటిస్తున్న నియమాలు కొన్ని ఉన్నవి. పెద్దలను 'మీరు' అనడం, ముందుగా మన పని ఏమిటో చెప్పి వారి సమ్మతి అడగడం, వారు వద్దన్న పాటను విడిచిపెట్టడం, తక్కిన కళాకారులకిచ్చే పారితోషికమే వారికీ ఇచ్చి పేరు చదవడం. ఇవి పెద్ద సంస్కరణలు కావు. అటవీ కార్యాలయంలోనైనా, ఆసుపత్రిలోనైనా, బడిలోనైనా ఇంతపాటి మర్యాద నేడే మొదలుపెట్టవచ్చును. స్థిరమైన కొలువు, సకాలంలో జీతం, అడవిని గురించిన నిర్ణయాలలో వారి మాటకు చోటు — ఇవి అధికారులు చేయవలసినవి. మర్యాద లేనిచోట అవి రావు, వచ్చినా నిలువవు.

ఈ ప్రసంగం చదివే ఇండ్లలో నరసింహస్వామిని ఇలవేలుపుగా కొలిచేవారు చాలామంది ఉంటారు. రాబోయే కనుమకు అహోబిలం పోగలిగినవారు పల్లకి ముందు విల్లు పట్టి నిలిచిన వారిని ఒకసారి పలుకరించి, పేరు అడిగి తెలుసుకొనండి. స్వామికి బావమరుదులైనవారు మనకు పరాయివారెట్లా అవుతారు?