అంకెల్లోకి వచ్చిన ఆకాశం: గ్రీకు నక్షత్ర పట్టిక, తొలి నక్షత్ర పటాలు

క్రీ.పూ. 4వ శతాబ్దంలో క్నిడస్‌కు చెందిన యూడోక్సస్ గ్రీకులు ఎరిగిన నక్షత్ర మండలాలన్నిటినీ వరుసగా వర్ణించాడు. ఆ గ్రంథం ఇప్పుడు లేదు. దాని ఆధారంగా క్రీ.పూ. 275 ప్రాంతంలో అరాటస్ రాసిన ‘ఫెనోమెనా’ కావ్యం మాత్రం నిలిచింది. ఏ మండలం దేని పక్కన ఉంది, ఏది ఉదయించే వేళ ఏది అస్తమిస్తుంది అనే వివరాలు అందులో ఉన్నాయి. చదివినవాడు ఆకాశంలో దారి తెలుసుకోగలడు గాని, ఆ వర్ణనతో ఒక్క నక్షత్రాన్నీ పటంలో సరైన చోట గుర్తించలేడు. గ్రీకు ఖగోళశాస్త్రం తర్వాతి తరాలకు అందించిన అసలు ఆస్తి ఈ బొమ్మలు కాదు, ప్రతి నక్షత్రం స్థానాన్నీ రెండు సంఖ్యల్లో చెప్పే పద్ధతి. పటాలన్నీ దాని మీదే నిలబడ్డాయి.

ఆ మలుపు నికేయాలో పుట్టి రోడ్స్ దీవిలో పరిశీలనలు చేసిన హిప్పార్కస్‌ది. ఆయన రచనల్లో పూర్తిగా మిగిలింది యూడోక్సస్, అరాటస్‌ల మీద రాసిన విమర్శ వ్యాఖ్య ఒక్కటే. ధ్రువస్థానంలో కదలని నక్షత్రం ఒకటి ఉందని యూడోక్సస్ చెప్పగా, అక్కడ ఏ నక్షత్రమూ లేదని, దగ్గరలోని మూడు నక్షత్రాలతో కలిసి ఆ ఖాళీ బిందువు ఒక చతుర్భుజం అవుతుందని హిప్పార్కస్ దిద్దాడు. ఈనాటి ధ్రువ నక్షత్రం అప్పటికి ధ్రువానికి చాలా ఎడంగా ఉండేది.

అలా ఉండడానికి కారణాన్ని కనిపెట్టిందీ ఆయనే. చంద్రగ్రహణ వేళ చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు. సూర్యుడి స్థానం లెక్కకు అందుతుంది కాబట్టి, గ్రహణ చంద్రుడి నుంచి ఒక నక్షత్రం ఎంత దూరంలో ఉందో కొలిస్తే దాని రేఖాంశం తేలుతుంది. ఈ పద్ధతిలో చిత్తా నక్షత్రం శరద్విషువత్తుకు (శరత్తులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున సూర్యుడు ఉండే బిందువుకు) 6 డిగ్రీల దూరంలో ఉందని హిప్పార్కస్ తేల్చాడు. దాదాపు 160 ఏళ్ల ముందు అలెగ్జాండ్రియాలో టిమోకారిస్ కొలిచినప్పుడు ఆ దూరం 8 డిగ్రీలు. కదిలింది చిత్త ఒక్కటే కాదు, విషువత్తుతో పోలిస్తే నక్షత్రాలన్నీ కలిసి జరుగుతున్నాయి. ఈ చలనం వందేళ్లకు ఒక డిగ్రీకి తక్కువ కాదని ఆయన రాశాడు. నేటి లెక్కన సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ. నక్షత్రాల మధ్య ధ్రువం చోటు మారేదీ ఈ చలనం వల్లే. మన పంచాంగాల్లోని అయనాంశ దీనికి సంబంధించినదే. ఉత్తరాయణం నిజానికి డిసెంబరు మూడో వారంలో మొదలవుతున్నా మకర సంక్రాంతి జనవరి మధ్యలో రావడం దీని ఫలితమే.

హిప్పార్కస్ నక్షత్ర పట్టిక పోయింది. దాని తునక ఒకటి 2022లో బయటపడింది. ఈజిప్టులోని సినాయ్ పర్వతం వద్ద సెయింట్ కేథరిన్ మఠానికి చెందిన ఒక తోలు ప్రతిలో, పాత గ్రీకు రాతను గీకేసి పైన సిరియాక్ భాషలో మత గ్రంథం రాశారు. వేర్వేరు రంగుల కాంతిలో పుటలను ఫొటోలు తీసి పరిశోధకులు అడుగు రాతను చదివారు. ఉత్తర కిరీట మండలం పొడవు తొమ్మిదింపావు డిగ్రీలని, అది ఉత్తర ధ్రువం నుంచి 49 డిగ్రీల వద్ద మొదలై 55¾ డిగ్రీల దాకా ఉందని అందులో ఉంది. ఆ అంకెలు హిప్పార్కస్ కాలమైన క్రీ.పూ. 129 ప్రాంతపు ఆకాశంతో ఒక డిగ్రీ తేడాలోపు సరిపోతాయి. నేపుల్స్ మ్యూజియంలోని ఫార్నీసీ అట్లాస్ శిల్పం మోసే పాలరాతి గోళం కూడా ఈ పట్టిక ఆధారంగా చెక్కిందేనని 2005లో ఒక వాదన వచ్చింది. కాని ఆ గోళం మీద మండలాల బొమ్మలే తప్ప విడి నక్షత్రాలు లేవు. బొమ్మల అంచులను బట్టి పట్టికను నిర్ధారించడం కుదరదు. సినాయ్ పుటలోని అంకెల బలం ఆ గోళానికి లేదు.

పూర్తిగా దక్కిన తొలి గ్రీకు పట్టిక టాలెమీది. క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో ఆయన రాసిన ‘అల్మజెస్ట్’ 7, 8 భాగాల్లో 48 మండలాలు, 1,022 నక్షత్రాలు ఉన్నాయి. ఒక్కోదానికీ మండలంలో దాని చోటు, క్రాంతివృత్తాన్ని (ఆకాశంలో సూర్యుడి వార్షిక మార్గాన్ని) బట్టి రేఖాంశం, అక్షాంశం, కాంతిని బట్టి ఒకటి నుంచి ఆరు దాకా తరగతి ఇచ్చాడు. రోహిణిని చూస్తే పద్ధతి తెలుస్తుంది: వృషభం దక్షిణపు కంటి మీది ఎర్రని నక్షత్రం, వృషభంలో 12 డిగ్రీల 40 నిమిషాలు, క్రాంతివృత్తానికి దక్షిణంగా 5 డిగ్రీల 10 నిమిషాలు, మొదటి తరగతి. ఈ అంకెలతో గోళాన్ని తయారుచేసే విధానం కూడా ఆయనే చెప్పాడు. గోళానికి రాత్రి ఆకాశంలా ముదురు రంగు వేయాలి, నక్షత్రాలను పసుపు రంగులో గుర్తించాలి, మండలాల ఆకృతులను నేల రంగుతో మరీ తేడా లేని సన్నని గీతలతో గీయాలి. బొమ్మ నక్షత్రాన్ని మరుగుపరచకూడదన్న జాగ్రత్త అందులో కనిపిస్తుంది.

టాలెమీ రేఖాంశాలు సగటున ఒక డిగ్రీ తక్కువగా ఉన్నాయి. హిప్పార్కస్ కాలం నుంచి గడిచిన 265 ఏళ్లకు, వందేళ్లకో డిగ్రీ చొప్పున 2 డిగ్రీల 40 నిమిషాలు పాత అంకెలకు కలిపాడనుకుంటే ఈ లోపం చక్కగా అర్థమవుతుంది, ఎందుకంటే అసలు కలపవలసింది మూడున్నర డిగ్రీలకు పైనే. అన్నీ స్వయంగా కొలిచానన్న ఆయన మాటను బట్టి కొందరు మోసగాడన్నారు. ఆ ముద్ర న్యాయం కాదు. పాత కొలతలను సవరించి వాడుకోవడం ఆ తర్వాత కూడా శతాబ్దాల పాటు సాగిన ఆచారం.

క్రీ.శ. 964లో పారశీక ఖగోళవేత్త అల్ సూఫీ ‘స్థిర నక్షత్రాల గ్రంథం’ రాసినప్పుడూ టాలెమీ రేఖాంశాలకు 12 డిగ్రీల 42 నిమిషాలు కలిపాడు. అయితే కాంతి తరగతులను మాత్రం తన కంటితో చూసి సరిదిద్దాడు. ప్రతి మండలానికీ రెండు బొమ్మలు పెట్టడం ఆయన గొప్ప చేర్పు: ఒకటి ఆకాశంలో కనిపించే తీరు, మరొకటి గోళం మీద బయటి నుంచి చూస్తే కనిపించే తీరు. ఆండ్రోమెడా మండలం దగ్గర చిన్న మబ్బు మరక ఉందని నమోదు చేసిందీ ఆయనే. అది మరో గెలాక్సీ అని 20వ శతాబ్దంలో తేలింది.

ఐరోపాలో అచ్చయిన తొలి నక్షత్ర పటాలు 1515లో న్యూరెంబర్గ్‌లో వెలువడ్డాయి. స్టాబియస్ పథకం వేయగా హైన్‌ఫోగెల్ నక్షత్రాల స్థానాలు నిర్ణయించాడు, డ్యూరర్ బొమ్మలు గీశాడు. ఉత్తరార్ధ పటం నాలుగు మూలల్లో అరాటస్, టాలెమీ, రోమన్ కవి మనీలియస్, అల్ సూఫీ చిత్రాలున్నాయి. నక్షత్రాల పక్కన వేసిన అంకెలు టాలెమీ పట్టికలోని వరుస సంఖ్యలే. పటం కేంద్రం కూడా ధ్రువ నక్షత్రం దగ్గర కాక క్రాంతివృత్త ధ్రువం వద్ద ఉంది. దక్షిణార్ధ పటంలో పెద్ద భాగం ఖాళీ. అలెగ్జాండ్రియా నుంచి కనిపించని ఆకాశానికి టాలెమీ అంకెలు ఇవ్వలేదు, ఇవ్వని చోట డ్యూరర్ ఏమీ కల్పించలేదు.

ఆ ఖాళీని 1590ల చివర డచ్చి నావికులు కైజర్, డి హౌట్‌మన్ పరిశీలనలు నింపాయి. 1603లో బేయర్ ప్రచురించిన ‘యురనోమెట్రియా’లో 48 పుటలు టాలెమీ మండలాలవి, ఒక పుటలో 12 కొత్త దక్షిణ మండలాలు. అందులో ఉత్తర నక్షత్రాల స్థానాలకు ఆధారం టైకో బ్రాహే కొత్తగా కొలిచిన అంకెలు. హిప్పార్కస్ కొలతల వారసత్వం ఇక్కడ తెగింది, పద్ధతి సాగింది. బేయర్ చాలా ఆకృతులను వెనక నుంచి చూసినట్లు గీయడంతో టాలెమీ చెప్పిన కుడి భుజం ఎడమ భుజమైంది. ఈ తికమకను ఆంగ్ల ఖగోళవేత్త ఫ్లామ్‌స్టీడ్ తప్పుపట్టాడు. 1729లో వెలువడిన ఆయన అట్లాస్ ఆకృతులను టాలెమీ వర్ణనకు తగ్గట్టు తిప్పింది.

అంతర్జాతీయ ఖగోళ సంఘం నేడు గుర్తించే 88 మండలాల్లో టాలెమీవి 47 అలాగే ఉన్నాయి. 48వదైన ఆర్గో నౌక చాలా పెద్దది కావడంతో మూడు ముక్కలైంది. 1930లో ప్రకటించిన మండలాల సరిహద్దులను 1875 నాటి ధ్రువాన్ని ఆధారంగా తీసుకుని నిట్టనిలువు, అడ్డం గీతలుగా గీశారు. విషువత్తు చలనం వల్ల ఆ గీతలు నేటి పటాల్లో అప్పుడే కొద్దిగా వాలి కనిపిస్తున్నాయి.