బొగ్గుధూళి కథ

1831వ సంవత్సరమున ఎడిన్‌బరో నగరమందు గ్రెగరీ యను వైద్యుడు, బొగ్గుగనిలో పనిచేసి గతించిన యొక శ్రామికుని శవమును కోసి చూడగా, ఊపిరితిత్తులు కాటుకవలె నల్లబడి యుండుట గాంచి, ఆ నలుపునకు కారణము అతడు పీల్చిన బొగ్గుపొడియే యని వ్రాసెను. కంటికి కనబడిన యీ సత్యమును తరువాతి పండితులలో పలువురు లెక్కసేయకపోవుట వింత: రాతిధూళిలోని సిలికాయే హానికరమనియు, బొగ్గుధూళి నిరపాయమనియు, పైగా అది క్షయనుండి కాపాడుననియు గూడ వాదించిరి. గనుల యజమానులకు ఈ సిద్ధాంతమెంత ప్రియమైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ వాదమును తలక్రిందులు చేసినవారు వేల్సులోని కార్డిఫ్ రేవు కూలీలు. ఓడగర్భమున గుట్టగా పడిన బొగ్గును పారలతో మూలమూలలకు ఎగజిమ్మి సమముగా సర్దుట వీరి వృత్తి. రాతిని తాకకయే, మబ్బువలె క్రమ్మిన ధూళిలో దినమెల్ల మెలగిన వీరికిని గని కార్మికులకు గల ఆయాసమే, నల్లని కఫమే! మృతుల ఊపిరితిత్తులను పరీక్షించి, బొగ్గుధూళి యొక్కటియే ఈ వ్యాధికి చాలునని 1940లో గఫ్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. కంటికానని రేణువులు అట్టడుగు గాలితిత్తులను చేరి, మరల వెలికి రాక, అచటనే మచ్చలు కట్టును.

1943లో బ్రిటనులో బొగ్గుకార్మికుల ఈ వ్యాధికి పరిహారము లభించెను. కాని వ్యాధి నిర్ధారితమైనవాడు గని విడువవలెనను నియమమును దానితోడనే వచ్చుటచే, వేల్సు లోయలలో పరిహారము చేతికందిన వేలమంది పని పోగొట్టుకొని వీధి అరుగులపై కూర్చుండిరి.