చిన్న పేగు పంపిన కబురు

జీర్ణాశయంలో నానిన ఆహారం పుల్లటి గుజ్జై ఆంత్రమూలంలోకి జారుతుంది. సుమారు 6 మీటర్ల చిన్న పేగుకు అదే మొదటి మజిలీ. ఆ పులుపు విరగకపోతే అక్కడి ఎంజైములు సరిగా పనిచేయలేవు. అందుకే క్లోమం క్షారరసం వదులుతుంది. మరి గుజ్జు వచ్చిందన్న సంగతి క్లోమానికి ఎవరు చెబుతారు?

నరాలే అన్నాడు రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్. జీర్ణక్రియ విషయంలో అప్పట్లో ఆయన మాటకు ఎదురు లేదు. 1901లో ఫ్రాన్స్‌లో వెర్తైమర్, లెపాజ్ నరాలు తెంపి చూశారు. పేగులో ఆమ్లం పోస్తే క్లోమరసం ఊరుతూనే ఉంది! అయినా వాళ్లు నరాల సిద్ధాంతాన్ని వదల్లేదు. గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టకుండా వెనుదిరిగారు.

ఆ తలుపు లండన్‌లో తెరుచుకుంది. యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ కలిసి పనిచేసేవారు. స్టార్లింగ్ తోబుట్టువును పెళ్లాడిన బేలిస్ ఆయనకు బావ కూడా. 1902 జనవరి 16న మత్తులో ఉన్న కుక్క చిన్న పేగులో ఒక ముక్కను రెండువైపులా కట్టేసి, దాని నరాలన్నీ తెంపారు. రక్తనాళాలను మాత్రం ఉంచారు. అందులో పలుచటి ఆమ్లం పోశారు. కాసేపటికి క్లోమరసం చుక్కలు చుక్కలుగా కారింది.

నరం లేదు, కబురు అందింది. అంటే అది రక్తంలోనే వెళ్లి ఉండాలి. స్టార్లింగ్ వెంటనే పేగు లోపలి పొరను గీకి, ఇసుకతో, ఆమ్లంతో నూరి, వడకట్టి, కుక్క మెడ సిరలోకి ఎక్కించాడు. మళ్లీ రసం ఊరింది. పేగు గోడే కబురు పంపుతోందన్నమాట! ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇలాంటి రసాయనిక దూతలన్నిటినీ 1905 ఉపన్యాసాల్లో స్టార్లింగ్ హార్మోన్లు అన్నాడు.

పావ్లోవ్ తన ప్రయోగశాలలోనూ అదే ప్రయోగం చేయించి చూసి, వాళ్లదే నిజమని ఒప్పుకున్నాడు. 1904 నోబెల్ మాత్రం ఆయనకే దక్కింది. జీర్ణక్రియపై ఆయన చేసిన పని చిన్నదేమీ కాదు గానీ, లండన్ జంటకు ఆ బహుమతి ఎన్నడూ రాకపోవడం అన్యాయమే.

వాళ్లలో బేలిస్‌కు అందిన సొమ్ము కోర్టు నుంచి వచ్చింది. 1903లో విద్యార్థుల ముందు బేలిస్ ఒక గోధుమరంగు కుక్కపై ప్రయోగం చేశాడు. దానికి సరిగా మత్తివ్వలేదని జంతు ప్రయోగాల వ్యతిరేకులు బహిరంగంగా ఆరోపించారు. ఆయన పరువునష్టం దావా వేసి 2000 పౌండ్లు గెలిచాడు. ఆ మొత్తాన్ని తన కాలేజీలో శరీరధర్మశాస్త్ర పరిశోధనకే ఇచ్చేశాడు.