నిలువుగీత, అడ్డుగీత, అడయారు

తెల్లని నేలపై నల్లని గీతలు, వాటి నడుమ ఎరుపు, నీలం, పసుపు గళ్ళు. ఈ బొమ్మను సంచులపైనో, కప్పులపైనో, ముస్తాబుల పైనో చూడనివారు మనలో అరుదు. దీని పుట్టినిల్లు హాలండు. 1917లో లైడెన్ నగరంలో తియో వాన్ డూస్‌బర్గ్ ‘ద స్టైల్’ అనే పత్రికను ప్రారంభించాడు. ఆ మాటకు శైలి అని అర్థం. రీతి, శయ్య, పాకము అంటూ జీవితమంతా పాఠం చెప్పిన నాకు ఆ పేరు పరాయిదిగా తోచదు. పత్రిక పేరే ఉద్యమానికీ స్థిరపడింది.

ఐరోపా అంతటా యుద్ధం రగులుతున్న కాలమది. హాలండు తటస్థంగా ఉండిపోయింది. వ్యక్తి అహంకారమే ఈ వినాశానికి మూలమనీ, కళలో వ్యక్తిని తగ్గించి విశ్వజనీనమైనదాన్ని నిలపాలనీ వారు తలచారు. అందుకే వంపులు పోయాయి, ప్రకృతి దృశ్యాలు పోయాయి. నిలువు, అడ్డము, మూడు మూలవర్ణాలు, తెలుపు, నలుపు, బూడిద మిగిలాయి.

ఈ నియమాన్ని అందరికన్న నిష్ఠగా పాటించినవాడు పీట్ మాండ్రియాన్. ఇతని కథలో మనవారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటున్నది. ఇతడు 1909లో దివ్యజ్ఞాన సమాజంలో చేరాడు. ఆ సమాజపు ప్రధాన కేంద్రం 1882 నుండి మద్రాసు అడయారులోనే ఉన్నది. అదే 1909లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి అనే తెలుగు బాలుడు అడయారు చేరి, లెడ్‌బీటర్ కంటబడ్డాడు. నిలువుగీత పురుషతత్త్వమనీ, అడ్డుగీత స్త్రీతత్త్వమనీ మాండ్రియాన్ తన చిత్తుపుస్తకాలలో వ్రాసుకొన్నాడు. సాంఖ్యం చదివినవారికి పురుషుడు, ప్రకృతి అనే మాటలు స్ఫురించక మానవు. ఆ ఆలోచనలన్నీ అడయారు నుండే వెళ్ళాయని నేననను. కానీ మన దర్శనాల పదజాలం సమాజం ద్వారా అక్కడి గాలిలో ఉన్నదనుటలో సందేహం లేదు.

కృష్ణమూర్తి సైతం హాలండుకే చేరాడు. ఆయనను జగద్గురువుగా నిలబెట్టిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ సంస్థను 1929 ఆగస్టు 3న ఓమెన్ శిబిరంలో ఆయనే రద్దు చేశాడు. మాండ్రియాన్ మాత్రం దివ్యజ్ఞాన సమాజ సభ్యత్వాన్ని విడువలేదు.

నియమం ఎంత బిగువైతే తగవు అంత చిన్నదానికి వస్తుంది. 1924లో వాన్ డూస్‌బర్గ్ ఏటవాలు గీతను ప్రవేశపెట్టగా మాండ్రియాన్ ఆ పత్రికకు దూరమయ్యాడు. ఒక్క గీత వంగితే స్నేహం పోతుందా అని నవ్వవచ్చు. యతి తప్పిందని పద్యాన్ని పక్కన పెట్టిన మనవారిని చూచినవాడిని, నాకు నవ్వు రాలేదు. మా పాన్‌గల్ నుండి కృష్ణ దాటితే గద్వాల. అక్కడి నేతగాడికి పడుగు నిలువు, పేక అడ్డము. ఆ రెంటితోనే చీర అంతా నేయాలి. అతడు దానిని సిద్ధాంతమనడు.

ఆ శైలి తరువాత ఎక్కడికి పోయింది? ఉట్రెక్ట్‌లో గెరిట్ రీట్‌వెల్డ్ 1924లో కట్టిన ష్రోడర్ ఇల్లు ఈ ఉద్యమానికి ముఖ్య కట్టడం. లోపలి గోడలు జరుపుకొని గదుల్ని మార్చుకోవచ్చును. 2000లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాన్ డూస్‌బర్గ్ వైమార్ వెళ్ళి బౌహౌస్ విద్యార్థులకు పాఠాలు చెప్పాడు. 1931లో ఆయన మరణించగా, మరుసటి ఏడు స్మారక సంచికతో పత్రిక ముగిసింది. 1965లో ఈవ్ సాఁ లొరాఁ మాండ్రియాన్ గళ్ళను స్త్రీల గౌనుల మీదికి తెచ్చాడు. అక్కడి నుండి ఆ గళ్ళు సంచులకూ కప్పులకూ వచ్చాయి. అహంకారాన్ని చెరపాలని పుట్టిన గీతలు అంగళ్ళలో ‘మాండ్రియాన్’ అనే ఒక వ్యక్తి పేరుతోనే అమ్ముడుపోతున్నాయి.